సందేహానికి పెట్టుబడి పెట్టిందెవరు?

2008లో అమెరికా టీవీల్లో ఒక ప్రకటన వచ్చింది. ఒకే సోఫాలో ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఉంటారు. ఒకరు డెమోక్రాటిక్ పార్టీకి చెందిన ప్రతినిధుల సభ స్పీకర్ నాన్సీ పెలోసీ. రెండోవారు రిపబ్లికన్ల తరఫున అంతకుముందు అదే పదవి చేసిన న్యూట్ గింగ్రిచ్. తమకు చాలా విషయాల్లో పడదు గానీ, వాతావరణ మార్పు మీద దేశం ఏదో ఒకటి చెయ్యాలన్న దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే మాట అని ఆ ప్రకటన సారాంశం. ఆ ఏడాది రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి జాన్ మెకెయిన్ కూడా కర్బన ఉద్గారాలకు హద్దు పెడతానని ప్రచారం చేశారు. 2003లోనే అందుకోసం సెనేట్‌లో బిల్లు పెట్టి ఓడిన మనిషి ఆయన.

మూడేళ్ళు తిరిగాయి. 2011లో గింగ్రిచ్ తానే అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీ పడుతూ, ఆ సోఫా ప్రకటన ఇటీవలి కాలంలో తాను చేసిన అతి తెలివితక్కువ పని అని బహిరంగంగా చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ మూడేళ్ళలో సైన్సు మారలేదు. కొత్త ఆధారాలేవీ బయటపడి పాతవాటిని కొట్టెయ్యలేదు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఏటేటా పెరుగుతూనే ఉంది. మరి అంత అనుభవమున్న రాజకీయ నాయకుడు అంత త్వరగా మాట ఎందుకు మార్చుకోవాల్సి వచ్చింది?

ఈ ప్రశ్నకు జవాబు వెతికే ముందు మనలో చాలామందికి ఉన్న ఒక అభిప్రాయాన్ని సరిచేసుకోవాలి. వాతావరణ మార్పును కాదనేవాళ్ళంతా సైన్సు తెలియని వాళ్ళని మనం అనుకుంటాం. నిజానికి ఈ కాదనడం వెనుక మొదట నిలబడ్డ వాళ్ళకు ఆ సైన్సు లోకం కంటే ముందే తెలుసు.

హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద 1958లో చార్లెస్ కీలింగ్ గాలిని కొలవడం మొదలుపెట్టినప్పుడు పది లక్షల పాళ్ళలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 315 పాళ్ళు. ఇప్పుడు 420 దాటింది. 1959లో అమెరికా చమురు పరిశ్రమ నూరేళ్ళ పండుగ జరుపుకున్న సభలోనే భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టెల్లర్ ఈ వేడి గురించి హెచ్చరించారు. 1977లో ఎక్సాన్ కంపెనీ సొంత శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ పై అధికారులను కూర్చోబెట్టి, బొగ్గు, చమురు కాల్చడం వల్ల భూమి వేడెక్కుతుందని వివరించారు. కంపెనీ ఆ మాట కొట్టిపారెయ్యలేదు. ఎస్సో అట్లాంటిక్ అనే తన చమురు నౌకలో పరికరాలు బిగించి సముద్రం మీది గాలినీ నీటినీ కొలిపించింది. 1980ల తొలి ఏళ్ళలో ఆ శాస్త్రవేత్తలు వేసిన అంచనాలను 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం వాస్తవంతో పోల్చి చూసింది. దశాబ్దానికి సుమారు 0.2 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుందని వాళ్ళు లెక్కవేశారు. దాదాపు అలాగే పెరిగింది. ప్రభుత్వ, విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల అంచనాలకు ఏమాత్రం తీసిపోని పని అది.

1988 జూన్‌లో నాసా శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ సెనేట్ కమిటీ ముందు నిలబడి, భూమి వేడెక్కుతోందని 99 శాతం నమ్మకంతో చెప్పగలనని సాక్ష్యమిచ్చారు. మరుసటి ఏడాదే చమురు, బొగ్గు, మోటారు వాహనాల కంపెనీలూ వాటి సంఘాలూ చేరి గ్లోబల్ క్లైమేట్ కోయలిషన్ అనే కూటమి పెట్టుకున్నాయి. దాని పని సైన్సులో తేలని విషయాలు చాలా ఉన్నాయని చెబుతూ చట్టాలను ఆపించడం. 1995లో ఆ కూటమి కోసం దాని సొంత శాస్త్ర నిపుణులే ఒక పత్రం తయారుచేశారు. గ్రీన్‌హౌస్ వాయువుల ప్రభావానికి శాస్త్రీయ పునాది గట్టిదనీ, దాన్ని కాదనలేమనీ అందులో రాశారు. కాదనేవాళ్ళ వాదనలు ఎందుకు నిలవవో వివరించిన భాగాన్ని మాత్రం బయటికిచ్చే ప్రతిలోంచి తీసేశారు. ఈ సంగతి లోకానికి తెలిసింది 2009లో.

1997 డిసెంబరులో ఉద్గారాలు తగ్గించడానికి ఉద్దేశించిన క్యోటో ఒప్పందం కుదిరింది. కొద్ది నెలలకే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పిలుపు మీద కొన్ని కంపెనీల, సంస్థల ప్రతినిధులు సమావేశమై ఒక ప్రచార ప్రణాళిక రాసుకున్నారు. వాతావరణ శాస్త్రంలో అనిశ్చితి ఉందని సగటు పౌరుడు అనుకోవడం మొదలైన రోజే తమకు విజయం అని అందులో ఉంది. గమనించండి, భూమి వేడెక్కడం లేదని రుజువు చెయ్యాలని వాళ్ళు అనుకోలేదు. రుజువు చెయ్యలేమని వాళ్ళకు తెలుసు. ఇంకా తేలలేదట అని జనం అనుకుంటే సరిపోతుంది. తేలని విషయం మీద ఏ ప్రభుత్వమూ పన్ను వెయ్యదు, ఏ పరిశ్రమనూ కట్టడి చెయ్యదు. సిగరెట్ కంపెనీలు అంతకు ముప్ఫై ఏళ్ళ ముందు నడిచిన దారే ఇది. కొన్నిసార్లు మనుషులు కూడా వాళ్ళే. సిగరెట్ కంపెనీ ఆర్.జె. రేనాల్డ్స్‌కు సలహాదారుగా పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త ఫ్రెడరిక్ సైట్జ్ తర్వాత వాతావరణ శాస్త్రాన్ని ప్రశ్నించేవాళ్ళలో ముందు వరుసలో నిలిచారు.

ఇదంతా 2008కి ముందు కథ. ఈ ప్రచారం ఇరవై ఏళ్ళు నడిచినా గింగ్రిచ్, మెకెయిన్ వంటి వాళ్ళు వాతావరణం గురించి మాట్లాడగలిగారంటే, ప్రచారం ఒక్కటే వాళ్ళ నోరు కట్టెయ్యలేదన్నమాట. కట్టేసిన రెండో శక్తి ఎన్నికల ఖర్చు. అది ఎలా పనిచేస్తుందో కొంచెం ఓపిగ్గా చూడాలి.

అమెరికాలో ఎన్నికల డబ్బుకు మూలసూత్రం 1976లో బక్లీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. అభ్యర్థి చేతికి ఇచ్చే చందాకు ప్రభుత్వం పరిమితి పెట్టవచ్చు. ఎందుకంటే పెద్ద చందా అవినీతికి దారి తీస్తుంది. ఎవరైనా సొంతంగా తమ అభిప్రాయం చెప్పడానికి పెట్టే ఖర్చుకు మాత్రం పరిమితి పెట్టకూడదు. ఎందుకంటే అది వాక్ స్వాతంత్ర్యం. 2024 ఎన్నికల్లో ఒక మనిషి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికకు ఇవ్వగలిగింది 3,300 డాలర్లే. ఇంతవరకూ వింటే పద్ధతిగానే ఉంది అనిపిస్తుంది.

2010 జనవరి 21న సిటిజన్స్ యునైటెడ్ కేసులో అదే కోర్టు 5–4 మెజారిటీతో, కంపెనీలకూ కార్మిక సంఘాలకూ కూడా ఆ స్వాతంత్ర్యం ఉందని తీర్పిచ్చింది. అభ్యర్థితో కలిసి కాకుండా విడిగా ఖర్చు పెట్టేటట్లయితే కంపెనీ ఖజానా నుంచి ఎంతైనా పెట్టవచ్చు. రెండు నెలలకు ఒక అప్పీలు కోర్టు మరో తీర్పు చెప్పింది. అలా విడిగా ఖర్చు పెట్టే సంఘాలకు ఎవరైనా ఎంతైనా ఇవ్వవచ్చు. సూపర్ ప్యాక్‌లు పుట్టింది ఇక్కడే.

సూపర్ ప్యాక్ తన దాతల పేర్లు బయటపెట్టాలి. అయితే ఆ దాత ఒక లాభాపేక్ష లేని సంస్థ అయితే? అలాంటి సంస్థ తనకు డబ్బిచ్చినవాళ్ళ పేర్లు సాధారణంగా చెప్పనక్కర్లేదు. కంపెనీ ఆ సంస్థకు ఇస్తుంది, సంస్థ సూపర్ ప్యాక్‌కు ఇస్తుంది. జాబితాలో కనబడేది సంస్థ పేరు. అదీ పౌర స్వేచ్ఛ, కుటుంబ విలువలు, అందుబాటు ధరలో విద్యుత్తు వంటి మంచి మాటలతో ఉంటుంది. అక్కడివాళ్ళు దీన్ని డార్క్ మనీ అంటారు. సిటిజన్స్ యునైటెడ్ తీర్పు రాసిన జస్టిస్ కెనడీ, ఇంటర్నెట్ కాలంలో ఎవరు ఎంత ఖర్చు పెట్టారో పౌరులకు వెంటనే తెలిసిపోతుందన్న నమ్మకం మీద తన వాదన కొంత నిలబెట్టారు. ఆ నమ్మకం నిజం కాలేదు. నా దృష్టిలో ఆ తీర్పులోని అసలు లోపం కంపెనీకి నోరు ఇవ్వడం కంటే కూడా, మాట్లాడేదెవరో కనబడకుండా పోయే తలుపును తెరిచి ఉంచడం.

డబ్బు ఎంత? చమురు శుద్ధి కర్మాగారాలు, పైపులైన్లు ఉన్న కోక్ సోదరుల చుట్టూ ఏర్పడ్డ దాతల బృందం 2016 ఎన్నికల కాలానికి పెట్టుకున్న బడ్జెట్ 88.9 కోట్ల డాలర్లు. అందులో అధ్యయన సంస్థలకు, విద్యాసంస్థలకు ఇచ్చేదీ ఉంది, అంతా ఓట్ల ఖర్చు కాదు. ఎన్నికలతో సంబంధం లేని లాబీయింగ్ లెక్క వేరు. వాతావరణ చట్టాల విషయంలో అన్ని పక్షాలూ కలిపి 2000 నుంచి 2016 వరకు లాబీయింగ్‌కు 200 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు చేశాయని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూల్ లెక్క తేల్చారు. అందులో పర్యావరణ సంఘాల వాటా పరిశ్రమల ఖర్చు ముందు చాలా చిన్నది.

ఇంత డబ్బు ఒక ప్రజాప్రతినిధిని ఎలా మారుస్తుంది? కవరులో పెట్టి ఇచ్చే లంచంగా దీన్ని ఊహించుకుంటే విషయం అర్థం కాదు. మన దగ్గర పార్టీ అధిష్ఠానం బీ-ఫారం ఎవరి చేతిలో పెడితే అతనే అభ్యర్థి. అమెరికాలో అలా కాదు. పార్టీ అభ్యర్థి ఎవరో ఆ పార్టీ ఓటర్లే ప్రైమరీ అనే ముందస్తు ఎన్నికలో తేలుస్తారు. సిట్టింగ్ సభ్యుడికి కూడా మినహాయింపు లేదు. చాలా నియోజకవర్గాలు ఏదో ఒక పార్టీకి కంచుకోటలు. అక్కడ అసలు పోటీ నవంబరులో జరగదు, ప్రైమరీలోనే అయిపోతుంది. ప్రైమరీకి వచ్చే ఓటర్లు తక్కువ, వచ్చేవాళ్ళు పార్టీలో పట్టుదల ఎక్కువున్నవాళ్ళు. అలాంటి చిన్న ఎన్నికలో బయటి నుంచి పది లక్షల డాలర్లు టీవీ ప్రకటనలుగా వచ్చి పడితే సభ్యుడు కొట్టుకుపోతాడు.

దక్షిణ కరోలినా నుంచి ప్రతినిధుల సభకు ఎన్నికైన బాబ్ ఇంగ్లిస్ కథ దీనికి బాగా సరిపోతుంది. గర్భస్రావం, పన్నులు, తుపాకులు, ఏ విషయం తీసుకున్నా ఆయన పక్కా సంప్రదాయ రిపబ్లికన్. మొదట్లో వాతావరణ మార్పును ఆయనా నమ్మలేదు. 2004లో మొదటిసారి ఓటు వెయ్యబోతున్న కొడుకు, పర్యావరణం విషయంలో నీ పద్ధతి మార్చుకో అని తండ్రికి చెప్పాడు. తర్వాత ఇంగ్లిస్ కాంగ్రెస్ బృందంతో అంటార్కిటికా వెళ్ళి, మంచు పొరల్లో లక్షల ఏళ్ళ గాలి చరిత్ర ఎలా దాగి ఉందో చూసి వచ్చారు. 2009లో కర్బనం మీద పన్ను వేసి, ఆ మేరకు జీతాల మీద పన్ను తగ్గించాలని సొంతంగా బిల్లు పెట్టారు. 2010 జూన్‌లో సొంత పార్టీ ప్రైమరీలో ఓడిపోయారు. మామూలు ఓటమి కాదు, ప్రత్యర్థికి 70 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి. 2008 ఆర్థిక సంక్షోభంలో బ్యాంకులకు సాయం చేసే బిల్లుకు ఓటెయ్యడం కూడా ఆయన ఓటమికి ఒక కారణం. అయితే తన పార్టీవాళ్ళు తనలో చూసిన పెద్ద తప్పు వాతావరణం గురించి మాట్లాడటమేనని ఇంగ్లిస్ ఇప్పటికీ చెబుతారు.

ఆ ఓటమిని మిగతా రిపబ్లికన్ సభ్యులందరూ చూశారు. దాని ప్రభావం ఇంగ్లిస్ ఒక్కడి సీటుతో ఆగలేదు. కోక్ బృందానికి చెందిన అమెరికన్స్ ఫర్ ప్రాస్పెరిటీ సంస్థ 2008లో ఒక ప్రమాణపత్రం తిప్పడం మొదలుపెట్టింది. ప్రభుత్వ ఆదాయం పెంచే ఏ వాతావరణ చట్టానికీ మద్దతివ్వనని అందులో సంతకం పెట్టాలి. కొన్నేళ్ళలోనే పదవుల్లో ఉన్నవాళ్ళు 400 మందికి పైగా సంతకం చేశారు. 2009 జూన్‌లో ప్రతినిధుల సభ 219–212 ఓట్లతో ఉద్గారాలకు హద్దు పెట్టే వ్యాక్స్‌మన్–మార్కీ బిల్లును ఆమోదించినప్పుడు ఎనిమిది మంది రిపబ్లికన్లు దానికి ఓటేశారు. 2010లో సెనేట్‌లో ఆ బిల్లు ఓటింగ్ దాకా కూడా రాకుండానే చచ్చిపోయింది. 2022లో వాతావరణానికి దాదాపు 37,000 కోట్ల డాలర్లు కేటాయించిన చట్టం సెనేట్‌లో 51–50తో గట్టెక్కినప్పుడు రిపబ్లికన్ ఓటు ఒక్కటీ లేదు. సెనేటర్ షెల్డన్ వైట్‌హౌస్ ఏళ్ళ తరబడి సభలో చెబుతూ వచ్చిన మాట ఇదే: 2010కి ముందు రెండు పార్టీలూ కలిసి వాతావరణ బిల్లులు పెట్టేవి, సిటిజన్స్ యునైటెడ్ తీర్పు వచ్చాక ఆ గొంతులు ఆగిపోయాయి. ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. డబ్బున్నవాడు ప్రతిసారీ ఖర్చు పెట్టనక్కర్లేదు. పెట్టగలడని సభ్యుడికి తెలిస్తే చాలు. అలా ఖర్చు కాకుండానే పనిచేసిన డబ్బు ఏ లెక్కల పుస్తకంలోనూ కనబడదు.

దీనికి ఎదురు వాదనలు ఉన్నాయి, వాటిలో బలమైనవీ ఉన్నాయి. రెండో పక్షం ఖర్చు పెట్టలేదా? పెట్టింది. 2014లో టామ్ స్టయర్ అనే కోటీశ్వరుడు వాతావరణం పేరు మీద 7 కోట్ల డాలర్లకు పైగా గుమ్మరించారు. ఆయన బలపరిచిన వాళ్ళలో ఎక్కువమంది ఓడిపోయారు కూడా. డబ్బు ప్రతిసారీ గెలిపించదని దీన్నిబట్టి తెలుస్తోంది. డబ్బు ఒక్కటే కారణం కాదన్నదీ నిజమే. 1997లో, సిటిజన్స్ యునైటెడ్‌కు చాలా ముందే, వర్ధమాన దేశాలకు కట్టుబాట్లు లేని ఒప్పందంలో అమెరికా చేరకూడదని సెనేట్ 95–0తో తీర్మానించింది. అందులో డెమోక్రాట్లూ ఉన్నారు. బొగ్గు గనుల మీద బతికే జిల్లాల్లో భయం కొనిపెట్టింది కాదు, అది జీవనాధారం పోతుందన్న భయం. చమురు కంపెనీల చందాల మీద జరిగిన పరిశోధనల్లో కూడా, చందా చూసి ఓటు మారడం కంటే తమకు అనుకూలంగా ఓటేసినవాళ్ళకే తర్వాత చందా పెరగడం స్పష్టంగా కనిపించింది. నేను దీన్ని కంపెనీలకు అనుకూలంగా చదవలేను. బహుమతి ఎవరికి దక్కుతుందో అందరికీ తెలిసినప్పుడు, మిగతావాళ్ళు ఏం నేర్చుకుంటారో ఊహించడం కష్టం కాదు.

శాస్త్రవేత్తలూ నిధుల కోసమే అలా చెబుతున్నారనేది మరో వాదన. దీనికి రిచర్డ్ ముల్లర్ అనుభవమే జవాబు. బర్క్‌లీలోని ఈ భౌతిక శాస్త్రవేత్త ఉష్ణోగ్రతల రికార్డుల మీద గట్టి అనుమానాలున్న మనిషి. లెక్కలన్నీ మొదటి నుంచి మళ్ళీ వేస్తానని పూనుకున్నారు. నిధులిచ్చినవాళ్ళలో చార్లెస్ కోక్ ఫౌండేషన్ కూడా ఉంది. 2011, 2012 సంవత్సరాల్లో ఆయన ఫలితాలు ప్రకటించారు. వేడి నిజమే, కారణం మనుషులే. డబ్బిచ్చిన వారి ఇష్టాన్ని బట్టి ఉష్ణమాపకం చదవరని ఇంతకన్నా స్పష్టంగా చూపించిన సందర్భం నాకు తెలియదు.

చట్టబద్ధమైన దారి నేరంలోకి ఎలా జారుతుందో ఒహాయో రాష్ట్రం చూపించింది. అక్కడ ఫస్ట్‌ఎనర్జీ అనే విద్యుత్తు కంపెనీ నుంచి దాదాపు 6 కోట్ల డాలర్లు ఒక లాభాపేక్ష లేని సంస్థ ద్వారా రాష్ట్ర ప్రతినిధుల సభ స్పీకర్ ల్యారీ హౌస్‌హోల్డర్ వర్గానికి చేరాయి. ఆ డబ్బుతో తన మనుషులను గెలిపించుకుని ఆయన స్పీకరయ్యారు. 2019లో చట్టం వచ్చింది. నష్టాల్లో ఉన్న రెండు అణు విద్యుత్ కేంద్రాలకు వినియోగదారుల బిల్లుల నుంచి వంద కోట్ల డాలర్లకు పైగా సాయం, పాత బొగ్గు కేంద్రాలకు రాయితీ, సౌర, పవన విద్యుత్ లక్ష్యాలకు కోత. 2023లో హౌస్‌హోల్డర్‌కు 20 ఏళ్ళ జైలు శిక్ష పడింది. ఇక్కడ ఇచ్చిపుచ్చుకున్నదానికి సాక్ష్యం దొరికింది కాబట్టి అది నేరమైంది. అదే డబ్బు, అదే రకం సంస్థ గుండా, ఒప్పందం మాట ఎవరూ పైకి అనకుండా వెళ్ళి ఉంటే కోర్టుకు పని ఉండేది కాదు.

ఇప్పుడు కాదనడం కొంత రూపం మార్చుకుంది. భూమి వేడెక్కడం లేదని చెప్పేవాళ్ళు తగ్గారు. అమెరికన్లలో పదిమందిలో ఏడుగురు వేడెక్కుతోందనే నమ్ముతున్నారు. అందుకని వాదన వేరే దారి పట్టింది: ఖర్చు ఎక్కువ, ఉద్యోగాలు పోతాయి, చైనా, ఇండియా ఆపనప్పుడు మేమెందుకు ఆపాలి. ఈ చివరి మాట మనకు తగిలేది కాబట్టి లెక్క చూసుకుందాం. సగటు భారతీయుడి వాటా ఏడాదికి సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్, సగటు అమెరికన్‌ది సుమారు 14 టన్నులు. ఇక దేశ అత్యున్నత పదవిలో మాత్రం పాత పాట ఆగనే లేదు. 2025లో డొనాల్డ్ ట్రంప్ తిరిగి పదవి చేపట్టిన రోజే పారిస్ వాతావరణ ఒప్పందం నుంచి తప్పుకోవాలని ఆదేశమిచ్చారు. ఆ సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సభలో వాతావరణ మార్పును ప్రపంచంలోనే అతి పెద్ద మోసమన్నారు.

2015 ఫిబ్రవరిలో సెనేటర్ జేమ్స్ ఇన్‌హోఫ్ వాషింగ్టన్‌లో మంచు పడుతోందని చూపడానికి ఒక మంచుముద్ద తెచ్చి సెనేట్ సభలో విసిరారు. పర్యావరణ కమిటీకి అప్పుడు ఆయనే అధ్యక్షుడు. మూడు నెలలకు, మే నెలాఖరులో, వడగాడ్పులకు మన దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్ళే. ఉపాధి హామీ పనికి వెళ్ళినవాళ్ళు, పొలం కూలీలు, వృద్ధులు. ఏ ఒక్క వడగాలినీ నేరుగా ఎవరి ఖాతాలోనూ వెయ్యలేం. అయితే ఆ ఏడాది హైదరాబాదు, కరాచీల వేడినీ తేమనూ కలిపి పరిశీలించిన శాస్త్రవేత్తలు, అంతటి ఉక్క వచ్చే అవకాశాన్ని మనుషులు తెచ్చిన మార్పు బాగా పెంచిందని తేల్చారు. వాషింగ్టన్‌లో ఆగిపోయిన చట్టాల బరువు నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఎండన పడి పనిచేసే మనుషుల మీద కూడా పడుతుంది.

చీకటి చందాల విషయంలో మనం అమెరికాను వేలెత్తి చూపే స్థితిలో లేం. 2018 నుంచి ఆరేళ్ళు ఎలక్టొరల్ బాండ్ల పేరుతో ఎవరు ఏ పార్టీకి ఎంత ఇస్తున్నారో ఓటరుకు తెలియకుండా ఉంచే పథకం నడిచింది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకం చెల్లదని కొట్టేసి, పేర్లు బయటపెట్టమంది. బయటికొచ్చిన జాబితాలో అత్యధికంగా బాండ్లు కొన్న సంస్థల్లో రెండో స్థానం హైదరాబాదు కంపెనీ మేఘా ఇంజనీరింగ్‌ది. డబ్బిచ్చేవాడి పేరు తెలుసుకోవడం ఓటరు హక్కు అని మన కోర్టు స్పష్టంగా చెప్పింది. అమెరికా కోర్టు కూడా పేర్ల వెల్లడిని సమర్థించింది గానీ, లాభాపేక్ష లేని సంస్థల దారి మూతపడలేదు.

టెక్సాస్‌లో, న్యూజెర్సీలో, జార్జియాలో పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. పౌరసత్వం లేకపోయినా గ్రీన్‌కార్డు ఉంటే అభ్యర్థులకు చందా ఇవ్వవచ్చు, ఇస్తున్నారు కూడా. వాళ్ళకు నా విన్నపం. మీ సంఘం సభకు వచ్చి నమస్కారం పెట్టే అభ్యర్థిని ఒక్క ప్రశ్న అడగండి: మీ తరఫున ప్రకటనలు వేస్తున్న సంస్థలకు డబ్బు ఎక్కడిది? ఫెడరల్ ఎలక్షన్ కమిషన్ వెబ్‌సైట్‌లో చందాల జాబితాలు ఎవరైనా చూడవచ్చు. పేరు లేని చోట ఖాళీ కూడా ఒక సమాచారమే. అంతకన్నా ముఖ్యం, పౌరసత్వం ఉన్నవాళ్ళు నవంబరు ఎన్నికతో సరిపెట్టుకోకుండా ప్రైమరీకి కూడా వెళ్ళి ఓటెయ్యండి. ఇంగ్లిస్ లాంటివాళ్ళు ఓడేదీ నిలిచేదీ అక్కడే. కొన్ని రాష్ట్రాల్లో ఇందుకు ముందుగానే ఓటరు నమోదులో పార్టీ పేరు రాయించుకోవాలి. గడువు ఎప్పుడో ఇప్పుడే చూసుకోండి.